నాలుగో సెట్‌లో ఆగిపోయిన క్యాసెట్

మా ఆయనకు టెన్నిస్ పిచ్చి పెళ్లికి ముందే ఉంది. కృష్ణా జిల్లాలో ఆయన పుట్టిన ఊళ్లో రాకెట్ చూసినవాళ్లు కూడా లేరు. స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చి విశాఖపట్నం చేరాక, హాస్టల్లో టీవీ ముందు కూర్చుని ఆట నేర్చుకున్నారు. నేర్చుకున్నారంటే ఆడటం కాదు, చూడటం. తర్వాత మాకు క్వార్టర్ ఇచ్చారు. ఆ వరసలో అందరిదీ క్రికెట్టే. టెన్నిస్ చూసే ఇల్లు మాదొక్కటే.

ఆయన అభిమానించే ఆటగాడి పేరు మా ఇంట్లో వినపడేది కాదు. ‘మనోడు’ అనేవాళ్లం. మనోడి మ్యాచ్ ఎన్నింటికి, మనోడు క్వార్టర్స్‌కి వచ్చాడా, ఇలా. ఇంటికి వచ్చినవాళ్లు మా మరిది ఎవరో టోర్నమెంట్లు ఆడుతున్నాడనుకున్న సందర్భాలున్నాయి. ఇప్పుడు కూడా ఆ పేరు రాయబుద్ధి కావడం లేదు. ఆ మనిషి మీద నాకు కోపం పూర్తిగా పోలేదు.

తొంభైల చివర్లో ఒక వేసవిలో మా ఆయనకు మెట్లెక్కితే ఛాతీ పట్టేయడం మొదలైంది. ప్లాంట్ ఆసుపత్రికి వెళ్తే డ్యూటీ మారుస్తారని భయపడి, ఊళ్లో ఒక ప్రైవేటు డాక్టరుకు చూపించుకున్నారు. పరీక్షలయ్యాక ఆ డాక్టరు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, గుండెకు రక్తం వెళ్లే దారులు మూసుకుపోతున్నాయని చెప్పాడు. బైపాస్ చేయించుకోవాలి, ఆలస్యం చేసేకొద్దీ ప్రమాదం. నాలుక కింద పెట్టుకోవడానికి మాత్రలిచ్చి పంపాడు.

మా ఆయన పని కోక్ అవెన్ల మీద. బొగ్గును కాల్చి కోక్ తయారుచేసే పొయ్యిలవి. మండే పొయ్యిల వరస మీద బండి నడపాలి. గుండె ఆపరేషన్ అయినవాణ్ణి ఆ వేడిలోకి మళ్లీ పంపరు, ఆఫీసులో ఎక్కడో కుర్చీ చూపిస్తారు. ఆయన భయం చావు గురించి కాదని నాకు తెలుసు. ఆ కుర్చీ గురించి. “కోసి కుట్టిన మనిషి దేనికి పనికొస్తాడు?” అన్నారు ఇంటికొచ్చే బస్సులో. ఆ తర్వాత నెల రోజులు ఆ విషయం ఎత్తనివ్వలేదు. డ్యూటీకి వెళ్తూనే ఉన్నారు. నేను రోజూ షిఫ్ట్ బస్సు ఆగిన చప్పుడు వినపడేదాకా ఏ పనీ కుదురుగా చేసేదాన్ని కాదు.

అదే రోజుల్లో మనోడు ఆపరేషన్ తర్వాత మళ్లీ ఆడుతున్నాడు. అంతకుముందు ఏడాది అతనికి నడుముకి శస్త్రచికిత్స జరిగింది. ఇక పనైపోయిందని అందరూ రాశారు. జూన్, జూలైల్లో ఇంగ్లండ్‌లో గడ్డి కోర్టు మీద జరిగే పోటీలో ఒక్కో రౌండూ దాటుకుంటూ ఫైనల్‌కి వచ్చేశాడు. సెమీఫైనల్ గెలిచిన సాయంత్రం మా ఆయన లేచి నిలబడి, నేనేమీ అడక్కుండానే, “మనోడు కప్పు కొడితే నేనూ చేయించుకుంటా” అన్నారు.

“ఓడిపోతే?”

“ఓడిపోతే చూద్దాం.”

ఆయన ‘చూద్దాం’ అంటే లేదని. నవ్వుతూనే అన్నారు కానీ అది సరదా మాట కాదు. ఆయన లెక్క ఆయనకుంది. కత్తి పడ్డ ఒళ్లు మునుపటిలా పనిచేస్తుందా లేదా అన్నది ఆయనకు తేలాలి. డాక్టరు మాట చాలదు. మనోడు చూపించాలి.

ఒక మనిషి ప్రాణం వేరే దేశంలో ఇంకో మనిషి కొట్టే బంతి మీద ఆధారపడటం ఏమిటని నేను వాదించి ఉండొచ్చు. వాదించలేదు. నెల రోజుల్లో ఆయన నోటినుంచి ఆపరేషన్ మాట రావడం అదే మొదటిసారి. దాన్ని చేజార్చుకోదలచలేదు. శనివారమంతా నేను కూడా మనోడు గెలవాలని కోరుకుంటూ గడిపాను. ఆట నాకు కొంత తెలుసు. అవతలివాడి సర్వీసు ఎంత గట్టిదో కూడా తెలుసు.

ఫైనల్ ఆదివారం. ఆ రోజు ఆయనకు ‘ఏ’ షిఫ్ట్, పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా. ఇంటికొచ్చి, భోంచేసి, కాసేపు పడుకుని లేచినా మ్యాచ్‌కి వేళ ఉంటుంది. మూడు దాటినా రాలేదు. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. మూడున్నరకి పక్క క్వార్టర్ వాళ్లు ఫోన్ వచ్చిందని పిలిచారు.

“రిలీవర్ రాలేదు. డబల్ పడింది” అన్నారు ఆయన.

అవెన్ల మీద పనిచేసేవాళ్లకు అదొక నియమం. తర్వాతి షిఫ్ట్ మనిషి వచ్చి బండి అందుకుంటే తప్ప దిగకూడదు. పొయ్యి మనకోసం ఆగదు. వాడు రాకపోతే ఆ షిఫ్టూ మనదే. అంటే రాత్రి పది దాకా.

“మాత్ర ఉందా?”

“జేబులో ఉంది. నువ్వు విను. కొత్త క్యాసెట్ పెట్టు. మ్యాచ్ మొదలవగానే ఎర్ర బటన్ నొక్కు. ఎర్ర లైటు వెలిగాక ఇంక దేన్నీ ముట్టుకోకు.”

“మీకెలా ఉంది?”

“దేన్నీ ముట్టుకోకు” అని పెట్టేశారు.

ఆ వీసీఆర్ వన్ టౌన్‌లో ఫారిన్ సామాను అమ్మే కొట్లో మా తమ్ముడు కొనిపెట్టింది. ఓడల మీంచి దిగిన సరుకు. దాని మీద రాసినవి మాకు తెలియని భాషలో ఉండేవి. ఏ బటన్ దేనికో మా ఆయన ఒక్కరికే తెలుసు. నాకు చెప్పిన బటన్ నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మొదటి సెట్ మనోడు ఓడిపోయాడు. రెండోది గెలిచాడు. మూడో సెట్ మధ్యలో అక్కడ వాన పడింది. కోర్టు మీద పట్టా కప్పారు. జనం గొడుగులు వేసుకుని కూర్చున్నారు. నేను వీసీఆర్ వంక చూశాను. కాసేపు ఆపొచ్చని తెలుసు. కానీ ఆపితే మళ్లీ వెలుగుతుందా? ముట్టుకోవద్దన్నారు. ముట్టుకోలేదు. పట్టా, గొడుగులు, వాన. క్యాసెట్ తిరుగుతూనే ఉంది.

వాన తగ్గాక మనోడు మూడో సెట్ గెలిచాడు. నాలుగో సెట్‌లో నాలుగు రెండు ఆధిక్యంలో ఉన్నాడు. అప్పుడు వీసీఆర్‌లో టక్కుమని చప్పుడైంది. ఎర్ర లైటు ఆరిపోయింది. క్యాసెట్ మూడు గంటలదే.

ఇంట్లో ఖాళీ క్యాసెట్ ఇంకోటి లేదు. ఉన్నది మా తమ్ముడి పెళ్లి క్యాసెట్. దాన్ని చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్లీ పెట్టేశాను. ఇంకెంత, రెండు గేములేగా, నోటితో చెప్పొచ్చనుకున్నాను.

ఆ రెండు గేములు రాలేదు. నాలుగో సెట్ టై బ్రేక్‌కి వెళ్లింది, అక్కడ మనోడు ఓడిపోయాడు. ఐదో సెట్‌లో నేను బంతిని చూడటం మానేశాను. మనోడి నడుము చూశాను. చెయ్యి వెనక్కి వెళ్తుందా, వంగేటప్పుడు మొహం మారుతుందా, కుర్చీలోంచి లేచేటప్పుడు ఆలస్యం చేస్తున్నాడా. చివరికి ఐదు ఆరు దగ్గర అతని సర్వీసు. ఒక డబుల్ ఫాల్ట్. ఇంకో రెండు పాయింట్లయ్యాక నెట్ దగ్గరికి పరుగెత్తి వచ్చి, బంతి నేల తాకకముందే తేలిగ్గా అవతల పెట్టాల్సిన వాలీని నెట్‌కి కొట్టాడు. అయిపోయింది.

టీవీ కట్టేశాను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎంత చిన్న దెబ్బ అది! చేతిలో ఉన్న పాయింటు. అంత దూరం వచ్చి, అంతమందిని ఓడించి, ఒక్క వాలీ కొట్టలేవా? వంటింట్లోకి వెళ్లి గిన్నెలు గట్టిగా చప్పుడయ్యేలా సర్దాను.

ఆయన వచ్చేసరికి మొహం నల్లగా ఉంది, బొగ్గు వల్లో అలసట వల్లో చెప్పలేను. గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టారు. “చెప్పకు. మొహం కూడా చూపించకు. రేపు నా రెస్ట్. పొద్దున్నే చూస్తా.” మా ఇంట్లో ముందునుంచీ ఉన్న పద్ధతే అది. షిఫ్ట్‌లో ఉండగా జరిగిన మ్యాచ్ ఫలితం క్యాసెట్ చూసేదాకా చెప్పకూడదు, అప్పటిదాకా ఆయన పేపర్ ముట్టరు. నేను అటు తిరిగి అన్నం వడ్డించాను. తిని పడుకున్నారు.

సోమవారం ఆయన లేవకముందే పేపర్ తీసి బియ్యం డబ్బా వెనక పెట్టాను. ఆయన స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. నేను పక్కన కూర్చోవాలి. ఆయన చూసే మ్యాచ్‌లో ఇంట్లోవాళ్లు ఉన్నచోటినుంచి కదలకూడదు. కూర్చున్నాను. ఆ పొద్దున నా మొహాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. ఆయన ప్రతి పాయింటుకీ నా వంక తిరిగేవారు. “చూశావా ఆ బ్యాక్‌హ్యాండ్? నడుం ఎలా తిరిగిందో చూశావా?” అవునన్నాను. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతున్నారు. నాకు ఆ చెయ్యే కనపడుతోంది.

రెండో సెట్ నడుస్తుండగా మా తమ్ముడు వచ్చాడు. వాడికి పూర్ణా మార్కెట్‌లో ఉల్లిపాయల కొట్టు ఉంది. వాడిది ఇంకా మా పుట్టింటి యాసే, నాది పెళ్లయ్యాక మా ఆయన మాటలో కలిసిపోయింది. సోమవారాలు తీరిక చేసుకుని మమ్మల్ని చూసిపోయేవాడు. వాడు మనోడి ప్రత్యర్థి పక్షం. ఆట మీద ఇష్టంతో కాదు, బావని ఉడికించడానికి. గుమ్మంలో సంచీ పట్టుకుని నిలబడి నోరు తెరవబోతుంటే నేను లేచి వాణ్ణి వంటింట్లోకి లాక్కెళ్లాను.

“ఏటక్కా, అలా లాగుతన్నావ్? వంజరం తెచ్చినాను, సంచీ చిరిగిపోద్ది.”

“పేపర్ చూశావా?”

“సూడకేటి! మీవోడు మొత్తం...”

వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. అప్పుడు చెప్పాను, ఛాతీ నొప్పి, డాక్టరు, ఆపరేషన్, మనోడు గెలిస్తేనే అన్న మాట. వాడికి అంతవరకూ ఏదీ తెలియదు. చేపల సంచీ పట్టుకునే నేలమీద కూర్చుండిపోయాడు.

“బావకి గుండెలోనా? ఎప్పుడు నుంచి? నాకు సెప్పనేదేటి?”

“ఎవరికీ చెప్పొద్దన్నారు.”

“అయితే గెలిసీసాడని సెప్పీ. ఏటవుద్ది? ప్లాంట్‌లో ఈ ఆట ఎవడు సూస్తాడు? పేపరు దాసీ. ఆపరేషన్ అయిపోనాక తెలిస్తే తెల్సింది.”

“నేను అబద్ధం చెప్పను. నువ్వు మాత్రం నోరు మూసుకుని కూర్చో.”

“ఒట్టు. నాను మాట్లాడితే అడుగు.”

వెళ్లి బావ పక్కన చాప మీద కూర్చున్నాడు. నిజంగానే మాట్లాడలేదు. మా ఆయనకే అనుమానం వచ్చింది. “ఏరా, ఇవాళ నోరు పెగల్లేదేం? మీవాడి పని అయిపోతోందనా?” అన్నారు. వాడు నా వంక చూసి, “సూద్దాం బావా” అన్నాడు.

వాన వచ్చింది. మా ఆయన కాసేపు ఓపిక పట్టారు. “ఇదేంటి, వానంతా రికార్డ్ చేశావా?”

“ముట్టుకోవద్దన్నారుగా.”

“వాన ఎవరైనా రికార్డ్ చేస్తారటే!”

క్యాసెట్ ముందుకి తిప్పారు. నాలుగో సెట్, మూడు రెండు, నాలుగు రెండు. తెర మీద గీతలొచ్చాయి, తర్వాత ఖాళీ. సూ మని చప్పుడు.

ఆయన అడుగుతారనుకున్నాను. అడగలేదు. రెండు చేతులూ తొడల మీద చరిచి లేచారు.

“ఇంకేముంది, సెట్టు చేతిలో ఉంది. గెలిచే ఉంటాడు. నిరుడు కత్తి పడ్డ నడుమిది, ఎలా ఆడాడో చూశారా?” నా వైపు తిరిగారు. “సరే. అన్నమాట అన్నాం. ఎప్పుడు రమ్మన్నాడు ఆ డాక్టరు?”

నేను అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు. ఊరుకుంటే చాలు. డాక్టరు ఎప్పుడైనా రమ్మన్నాడు అంటే చాలు, ఆ మాట నిజమే. నోరు తెరిచాను. ఏం చెప్పి ఉండేదాన్నో ఇవాళ్టికీ నాకు తెలియదు.

“ఏటి గెలిసీది!” అన్నాడు మా తమ్ముడు.

ఆయన వాడి వైపు తిరిగారు.

“ఓడిపోనాడు బావా మీవోడు. ఐదో సెట్‌లో. పేపర్లో ఇంత పెద్ద బొమ్మ ఏసినారు.”

వాణ్ణి చంపాలన్నంత కోపం వచ్చింది నాకు. మా ఆయన నా మొహం చూశారు. అక్కడ జవాబు దొరికింది. వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డారు. తిరిగొచ్చి క్యాసెట్ బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టారు. మళ్లీ తీశారు.

“ఆ రిలీవర్ ముండాకొడుకు వచ్చి ఉంటే!” అన్నారు. రిలీవర్ వచ్చి ఉంటే మనోడు ఎలా గెలిచేవాడో ఎవరూ అడగలేదు. తర్వాత నా మీద పడ్డారు. “వాన ముప్పావుగంట రికార్డ్ చేస్తావు, ఐదో సెట్ చెయ్యవు. ఇంకో క్యాసెట్ లేదూ?”

“తమ్ముడి పెళ్లిది ఉంది.”

“మరి దాని మీద చెయ్యాల్సింది! ఆ పెళ్లి ఎవడు చూస్తాడు!”

“ఓ బావా, నా పెళ్లి!”

“నీ పెళ్లి నేను లైవ్‌లో చూశాన్రా. చాలు.” పేపర్ తెమ్మన్నారు. ఇచ్చాను. స్కోరు చదివారు. మడిచారు. మళ్లీ విప్పి చదివారు, ఈసారి అంకెలు మారి ఉంటాయేమో అన్నట్టు. మొహం ఎర్రబడింది. ఊపిరి గట్టిగా తీస్తున్నారు. మాత్ర ఏ జేబులో ఉందా అని నేను కొక్కేనికి వేలాడుతున్న చొక్కా వంక చూస్తున్నాను. వద్దు, కూర్చోండి అంటే ఇంకా రెచ్చిపోతారు.

అప్పుడు మా తమ్ముడు ఇంకో మాట అన్నాడు. “ఏటనుకోకు బావా, కోసినోడు కోసినోడే. మూడు సెట్లు బానే లాగీసినాడు. ఐదో దానికి దమ్ము సాల్నేదు. నడుం పట్టీసుంటది.”

ఇక అయిపోయిందనుకున్నాను. ఏ మాట ఆయన చెవిన పడకూడదని నెల రోజులుగా భయపడ్డానో అదే మాట.

“ఎవర్రా చెప్పింది నీకు?” అని అరిచారు ఆయన. “నువ్వు చూశావా? ఉల్లిపాయలమ్ముకునేవాడివి, నీకేం తెలుసురా నడుం గురించి?”

“సూడక్కర్నేదు బావా. ఓడిపోనాడు కదా.”

“ఓడిపోవడం వేరు, పడిపోవడం వేరు!” నా వైపు తిరిగారు. గొంతు తగ్గింది. “నువ్వు చూశావుగా. ఐదో సెట్ చెప్పు. నడుం పట్టుకున్నాడా?”

ఆ ఇంట్లో ఐదో సెట్ చూసినదాన్ని నేనొక్కదాన్నే. క్యాసెట్‌లో లేదు, పేపర్లో స్కోరు తప్ప లేదు.

“లేదు” అన్నాను. “ఒక్కసారి కూడా పట్టుకోలేదు. నేను అదే చూస్తూ కూర్చున్నా.”

“వంగడం?”

“మామూలుగానే వంగాడు. చివరి పాయింటుకి కూడా నెట్ దాకా పరుగెత్తాడు. సమయానికే అందుకున్నాడు బంతిని. వాలీ తప్పు కొట్టాడు. అంతే.”

“ఫోర్‌హ్యాండ్ వాలీయా?”

“అవును. తేలికది.”

“చూశావట్రా!” అని ఆయన మా తమ్ముడి వైపు వేలు చూపించారు. “వాలీ! నడుం కాదు. వాలీ ఎవడైనా తప్పు కొడతాడు. వాడి ఒంటికేం కాలేదు. వాన ఆగాక అంతసేపు ఆడినవాడికి నడుం బాగోలేదంటావేంట్రా? కోసిన నడుముతో ఐదు సెట్లు ఆడాడు వాడు. కొయ్యని నడుముతో నువ్వు ఉల్లిపాయల బస్తా ఎత్తలేవు.”

“నాను కూలోళ్ల సేత ఎత్తిస్తాను బావా.”

“అదే చెప్తున్నా!”

చాలాసేపు అలా సాగింది. వాడు దమ్ము అంటాడు, ఈయన వాలీ అంటారు. నేను వెళ్లి చేపలు శుభ్రం చేశాను. భోజనాల దగ్గర కూడా ఆయన శాంతించలేదు. కూర బాగుందని ఒక్క మాట అనలేదు. మా తమ్ముడు సాయంత్రం బస్సుకి వెళ్లిపోయాడు.

వాడు వెళ్లాక ఆయన మంచం మీద కూర్చుని గోడ వంక చూస్తూ అన్నారు. “వచ్చే వారం బీ షిఫ్ట్. పొద్దున్న ఖాళీయే. డాక్టరు దగ్గరికి వెళ్దాం.”

మనోడు ఓడిపోయాడు కదా అని నేను గుర్తు చెయ్యలేదు.

ఆపరేషన్ వేరే ఊళ్లో జరిగింది. ఆయన అనుకున్నట్టే అవెన్ల మీంచి తీసేసి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీని ఆయన రిటైరయ్యేదాకా తిట్టుకున్నారు. అందులో నాకు బాధేమీ లేదు. తిట్టుకోవడానికి మనిషి ఉన్నాడు. మనోడు ఆ కప్పు ఎప్పటికీ గెలవలేదు. కొన్నాళ్లకి ఆట మానేశాడు. ఆ రోజు టీవీలో అతను కళ్లు తుడుచుకుంటుంటే మా ఆయన కూడా తుడుచుకున్నారు. నేను తుడుచుకోలేదు.

ఆయన పోయి ఇప్పటికి కొంతకాలమైంది. గుండెతో కాదు, వేరే జబ్బుతో. కర్మలైపోయి చుట్టాలందరూ వెళ్లాక మా తమ్ముడు ఒక్కడూ మిగిలాడు. ఎన్నో ఏళ్లుగా అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. ఆ రోజు నువ్వు కావాలనే అన్నావా, బావ పౌరుషం తెలిసి, అలా అంటే ఒప్పుకుంటారని?

అవునని అంటే నేను నమ్మేదాన్ని. వాడికీ ఆ సంగతి తెలుసు.

“నేదక్కా” అన్నాడు. “నిజంగానే ఎక్కిరించినాను. బావ అలా గెలిసీసినట్టు నిలబడితే నోరాగనేదు.”